పని ఆగితే పగారు ఎవరికి? బల్లార్‌పూర్, రాజురా, చంద్రపూర్ వైపు తెలుగు కార్మికులు తరచుగా అడిగే ప్రశ్నలు

1956కి ముందు రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. సరిహద్దు గీత మారింది కానీ మనుషులు మారలేదు. బల్లార్‌పూర్ కాగితం మిల్లులో, గడ్‌చాందూర్, ఘుగ్గుస్ సిమెంటు ఫ్యాక్టరీల్లో, వేకోలి (వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్) బొగ్గు గనుల్లో, పత్తి జిన్నింగుల్లో ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది. కాగితాలు మాత్రం మరాఠీలోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో ఉంటాయి. అవి పట్టుకుని "ఇందులో ఏముందో చెప్పండి" అని వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలే ఇక్కడ రాశాం. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో తేలిపోతుంది, కొన్నిటికి తేలదు.

మన దేశంలో అసలు నిరుద్యోగ బీమా ఉందా?

ఉంది, కానీ ఈఎస్ఐ (జబ్బుకూ ప్రమాదానికీ ప్రభుత్వం నడిపే కార్మిక బీమా) లోపల ఒక మూలన ఉంది. విడిగా నిరుద్యోగ బీమా చట్టమంటూ ఏదీ లేదు. ఈఎస్ఐలో పేరున్నవాళ్లకు రెండు పథకాలున్నాయి. మొదటిది 2005 ఏప్రిల్ 1న మొదలైన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ చేసినా (అవసరం లేదని పనిలోంచి తీసేసినా), పనితో సంబంధం లేని ప్రమాదంలో శాశ్వత వైకల్యం వచ్చినా ఇది వర్తిస్తుంది. కొన్నేళ్లు వరుసగా చందా కట్టి ఉండాలి. రెండోది 2018 జూలై 1న మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. మన దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి పనికొచ్చేది ఈ రెండోదే. ఎందుకంటే ఠేకా (కాంట్రాక్టు) పనిలో "మూత", "రిట్రెంచ్‌మెంట్" అన్న మాటలు కాగితం మీదికి రానే రావు. "రేపటి నుంచి రావద్దు" అంటారు, అంతే.

ఈఎస్ఐలో ఎవరుంటారంటే, పది మంది, అంతకు పైన పనిచేసే చోట నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవాళ్లు. ఈ హద్దు 2017 జనవరి నుంచి ఇదే. 2019 జూలై నుంచి చందా యజమాని తరఫున 3.25 శాతం, కార్మికుడి తరఫున 0.75 శాతం.

అటల్ యోజనలో డబ్బు రావాలంటే ఏమేం ఉండాలి?

కనీసం రెండేళ్లు ఈఎస్ఐ కింద పనిచేసి ఉండాలి. ఈఎస్ఐ ఏడాదిని రెండు చందా కాలాలుగా చూస్తుంది: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి వరకు ఒకటి. పని పోవడానికి సరిగ్గా ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. రెండేళ్లలో మిగిలిన మూడు కాలాల్లో ఏదో ఒకదాంట్లో కూడా 78 రోజులు ఉండాలి.

దుష్ప్రవర్తన కింద తీసేసినా, రిటైరైనా, తానుగా రాజీనామా చేసి పోయినా రాదు. పని పోయిన 30 రోజుల తర్వాత క్లెయిమ్ వేయొచ్చు. 2020కి ముందు 90 రోజులు ఆగాల్సి వచ్చేది, పైగా యజమాని ద్వారా పంపాలి. పనిలోంచి తీసేసినవాడి దగ్గరికే వెళ్లి సంతకం అడుక్కోవడమన్నమాట! ఇప్పుడు కార్మికుడే ఈఎస్ఐ పోర్టల్‌లో నేరుగా వేసుకోవచ్చు. ఆధార్, బ్యాంకు ఖాతా రెండూ ఈఎస్ఐ నంబరుకు జోడించి ఉండాలి. ఈ పథకం రెండేళ్ల ప్రయోగంగా మొదలై, గడువు పొడిగించుకుంటూ నడుస్తోంది. కాబట్టి వేసేముందు బ్రాంచి ఆఫీసులో గడువు సంగతి అడగండి.

ఎంత వస్తుంది? ఒకే పగారు ఉన్న ఇద్దరికి వేరువేరుగా ఎందుకు వచ్చింది?

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అసలు సంగతి ఇక్కడే ఉంది.

మొదట రోజు సగటు సంపాదనలో 25 శాతం ఇచ్చేవారు. 2020 మార్చి 24 నుంచి 50 శాతం చేశారు. గరిష్ఠంగా 90 రోజులు, అదీ జీవితం మొత్తంలో ఒక్కసారి. అయితే ఆ "రోజు సగటు" ఎలా కడతారో చూడండి. గత నాలుగు చందా కాలాల్లో వచ్చిన మొత్తం సంపాదనను 730తో భాగిస్తారు. మీరు పనిచేసిన రోజులతో కాదు, రెండేళ్లలోని అన్ని రోజులతో.

నెలకు 15,000 చొప్పున 24 నెలలూ పని దొరికిన వ్యక్తిని తీసుకుందాం. మొత్తం 3,60,000. 730తో భాగిస్తే రోజుకు 493 రూపాయల చిల్లర. అందులో సగం దాదాపు 246.50. తొంభై రోజులకు సుమారు 22,190.

అదే ప్లాంటు, అదే 15,000 పగారు, కానీ షట్‌డౌన్‌లకూ ఠేకా మారినప్పుడల్లా బయట కూర్చుని రెండేళ్లలో 16 నెలలే పని దొరికిన వ్యక్తి లెక్క ఇది. మొత్తం 2,40,000. రోజుకు 328 పైచిలుకు, సగం 164. తొంభై రోజులకు సుమారు 14,790.

పని చేసిన నెలల్లో ఇద్దరూ కట్టింది ఒకే శాతం. రెండో మనిషి ఇంట్లో ఆ ఎనిమిది నెలలూ అప్పు మీదే గడిచింది. అతనికే మూడో వంతు తక్కువ. లెక్కలో తప్పేమీ లేదు, సూత్రమే అలాంటిది. పని తెగకుండా ఉన్నవాడికి ఎక్కువ, తెగుతూ ఉన్నవాడికి తక్కువ.

ఇంకొక పోలిక ఈఎస్ఐలోనే ఉంది. జబ్బుపడితే వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు, మళ్లీ ఏడాది మళ్లీ ఇస్తారు. పని పోతే 50 శాతం, 90 రోజులు, జన్మకోసారి. జ్వరం రెండుసార్లు రావచ్చని చట్టం ఒప్పుకుంది, ఠేకా రెండుసార్లు పోవచ్చని ఒప్పుకోలేదు. 1952 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 102వ ఒప్పందం కనీసంగా చెప్పింది ప్రతి 12 నెలల్లో 13 వారాలు, 45 శాతం. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

ఠేకేదారు పోర్టల్‌లో "లెఫ్ట్ సర్వీస్" అని వేశాడు. నేను మానలేదు, వాళ్లే వద్దన్నారు. ఇప్పుడేం చేయాలి?

నెలనెలా చందా వేసేటప్పుడు ఎవరి హాజరైనా సున్నా అయితే పోర్టల్ కారణం అడుగుతుంది. అక్కడ వరుసగా ఉంటాయి: సెలవు, లెఫ్ట్ సర్వీస్, రిటైర్డ్, సస్పెన్షన్ ఆఫ్ వర్క్, స్ట్రైక్ లేదా లాకౌట్, రిట్రెంచ్‌మెంట్, నో వర్క్, ఇంకా కొన్ని. ఠేకేదారు దగ్గర కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడు రెండో నంబరు నొక్కి ముందుకు పోతాడు. చాలాసార్లు అందులో దురుద్దేశం కూడా ఉండదు, అలవాటు అంతే. కానీ ఆ ఒక్క నొక్కుతో "తీసేశారు" కాస్తా "మానేశాడు" అయిపోతుంది.

కాబట్టి పని ఆగిన వారంలోపే మీ ఖాతాలోకి వెళ్లి ఏ కారణం పడిందో చూసుకోండి. తప్పుంటే ఠేకేదారుకు రాతపూర్వకంగా ఇవ్వండి. నకలు ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకూ, అసలు యజమానికీ (ప్లాంటు కంపెనీకి) పంపండి. వాట్సాప్‌లో "కల్ సే మత్ ఆనా" అని వచ్చిన మెసేజ్ చెరిపేయకండి. గేట్ పాస్ ఏ తేదీన ఆపేశారో, ఆ తేదీ తర్వాత మీ స్థానంలో ఎవరినైనా పెట్టారో రాసిపెట్టుకోండి. ఖాళీ కాగితం మీద, "ఫుల్ అండ్ ఫైనల్" రసీదు మీద చదవకుండా సంతకం పెట్టొద్దు. వాటిలో రాజీనామా వాక్యం ఒకటి ఇరికించి ఉంటుంది, మరాఠీలో.

అతను పర్మినెంటు, నేను ఠేకా. ఒకే మెషిన్ దగ్గర నిలబడతాం. ప్లాంటు ఆగితే ఇద్దరికీ ఏమేం వస్తుంది?

అతనికి ఇరవై ఏళ్ల సర్వీసు, బేసిక్ డీఏ కలిపి 26,000 అనుకుందాం. వేతనం ఈఎస్ఐ హద్దు దాటింది కాబట్టి అతనికి అటల్ యోజన లేదు. దాని అవసరమూ పెద్దగా లేదు. కొంతకాలం లే-ఆఫ్ (ఉద్యోగం ఉంచి పని ఆపడం) ఇస్తే బేసిక్, డీఏలో సగం, మామూలుగా ఏడాదికి 45 రోజుల దాకా. తీసేస్తే కనీసం నెల నోటీసు లేదా నెల జీతం, అంటే 26,000. రిట్రెంచ్‌మెంట్ పరిహారం ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం చొప్పున సుమారు 2,60,000. గ్రాట్యుటీ ఏడాదికి నెల జీతంలో ఇరవై ఆరింట పదిహేను వంతుల లెక్కన 3,00,000. పైన పీఎఫ్. యూనియన్ గట్టిదైతే ఒప్పందంలో వీటికి మించి కూడా రాయించుకుంటుంది.

మీకు చట్టప్రకారం చూస్తే వీటిలో చాలావరకు ఉన్నాయి. లే-ఆఫ్ పరిహారానికి ఏడాది సర్వీసు కావాలి, అంటే 240 రోజులు. బద్లీ (ఒకరి బదులు వచ్చేవాళ్లు), క్యాజువల్ వాళ్లకు లేదు. యాభై మంది లోపు ఉన్న చోట లేదు. ఠేకేదారు రెండేళ్లకో, మూడేళ్లకో మారతాడు. కొత్తవాడు సర్వీసును ఒకటి నుంచి మొదలుపెడతాడు. పదిహేనేళ్లుగా అదే కన్వేయర్ కింద బొగ్గు ఊడ్చిన మనిషికి కాగితం మీద పదకొండు నెలల సర్వీసు ఉండడం మేం చూశాం. అతని పే స్లిప్పుల మీద నాలుగు రకాల ఠేకా పేర్లు, నాలుగు రకాల స్పెల్లింగుల్లో అతని పేరు. చివరికి మిగిలేది పై లెక్కలోని 22,190 లేదా 14,790.

ఒకరికి దాదాపు ఆరు లక్షలు, ఒకరికి ఇరవై వేలు. తేడా జీతంలో కంటే రక్షణలో ఎన్నో రెట్లు ఎక్కువ. పర్మినెంటు అన్న మీద కోపం పెంచుకోవాల్సిన పని లేదు. అతనికి వచ్చేది అతని తండ్రుల కాలం నాటి సమ్మెలతో వచ్చింది. కానీ పని పోయే అవకాశం ఎవరికి ఎక్కువో వాళ్లకే రక్షణ తక్కువ ఉండడం బీమా సూత్రానికే తలకిందులు.

కొత్త లేబర్ కోడ్‌లతో ఇది మారిందా?

పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. లే-ఆఫ్‌కు సగం వేతనం, రిట్రెంచ్‌మెంట్‌కు ఏడాదికి పదిహేను రోజులు అన్నవి అలాగే ఉన్నాయి. మారినవి మూడు చెప్పుకోవాలి.

పెద్ద ఫ్యాక్టరీ మూసేయడానికి, మనుషుల్ని తీసేయడానికి ప్రభుత్వ అనుమతి ఇదివరకు 100 మంది పైన ఉంటే తీసుకోవాలి, ఇప్పుడు 300. రిట్రెంచ్ అయిన కార్మికుడి ఖాతాలో పదిహేను రోజుల వేతనానికి సమానమైన డబ్బు నైపుణ్య నిధి కింద 45 రోజుల్లో పడాలి. ఫిక్స్‌డ్ టర్మ్ (గడువు పెట్టి తీసుకున్న) వాళ్లకు ఏడాదికే గ్రాట్యుటీ. ఈ మూడోది మంచిదే. అయితే ఫిక్స్‌డ్ టర్మ్ గడువు ముగిసి పని పోతే అది రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదని అదే కోడ్ చెబుతోంది. ఒక చేత్తో గ్రాట్యుటీ, మరో చేత్తో పరిహారానికి సెలవు. నియామక పత్రం ఇచ్చేటప్పుడు గడువు తేదీ ఉందో లేదో చూసుకోండి.

జిన్నింగు మిల్లులో చేస్తాను. ఐదారు నెలలే పని. ఈఎస్ఐ నంబరు ఎందుకివ్వలేదు?

ఇవ్వక్కర్లేదని చట్టమే అంటోంది. పాత ఈఎస్ఐ చట్టంలోనూ, ఇప్పటి కోడ్‌లోనూ "సీజనల్ ఫ్యాక్టరీ" అనే మినహాయింపు ఉంది. అందులో మొట్టమొదట పేర్కొన్నదే పత్తి జిన్నింగు. ఆ తర్వాత పత్తి, జనపనార ప్రెస్సింగు, పల్లీ పొట్టు తీయడం, పంచదార, బెల్లం, కాఫీ, టీ వగైరా. లే-ఆఫ్ పరిహారం నుంచి కూడా సీజనల్ పరిశ్రమలకు మినహాయింపు.

వాదన వినడానికి సబబుగానే ఉంటుంది: పని ఎలాగూ ఆరు నెలలే, ఆగుతుందని ముందే తెలుసు, ముందే తెలిసిన నష్టానికి బీమా ఏమిటి? కానీ జిన్నింగులో పని ఆగేది ఋతువు వల్ల మాత్రమే కాదు. పత్తి ధర పడితే రైతు ఇంట్లోనే దాచుకుంటాడు, మిల్లు జనవరిలోనే ఆగుతుంది. గులాబీ పురుగు పడిన ఏడాది ముందే ఖాళీ. అది ఋతువు కాదు, అచ్చంగా నిరుద్యోగం. రోలర్ల దగ్గర దూదిపింజలు మింగుతూ పన్నెండు గంటలు నిలబడే ఆడవాళ్లకు ఈ చట్టం ఇచ్చే జవాబు మాకు ఎప్పుడూ సరిగ్గా అనిపించలేదు.

ఒక్క దారి ఉంది. అదే ఆవరణలో ఏడాది పొడవునా నడిచే నూనె మిల్లో, స్పిన్నింగో ఉంటే, అది "కేవలం" జిన్నింగు చేసే ఫ్యాక్టరీ కాదు. అలాంటి చోట ఈఎస్ఐ ఎందుకు లేదని రాసి అడగొచ్చు.

వేకోలి గనిలో ఓబీ (బొగ్గు మీది మట్టి తీసే) ఠేకాలో డంపర్ నడుపుతాను. నాకు ఈఎస్ఐ ఉంటుందా?

పాత ఈఎస్ఐ చట్టం "ఫ్యాక్టరీ" నిర్వచనంలోంచి గనుల్ని తీసేసింది. గనులకు 1948 నుంచి కోల్ మైన్స్ ప్రావిడెంట్ ఫండ్ ఉంది, పర్మినెంటు వాళ్లకు కంపెనీ ఆసుపత్రులు ఉన్నాయి, ఐదేళ్లకోసారి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం ఉంది. 2023 మేలో సంతకమైన పదకొండో ఒప్పందం 19 శాతం పెంపుతో 2021 జూలై నుంచి వర్తించింది. ఠేకా వాళ్లకు దాని బదులు హైపవర్ కమిటీ నిర్ణయించిన వేతనాలు. ఆ వేతనం కాగితం మీద ఫర్వాలేదు. కానీ మట్టి తీసే ఠేకా ముగిసిన రోజున అటల్ యోజన తలుపు కూడా వాళ్లకు మూసే ఉండేది. నాలుగు కోడ్‌లలో ఒకటైన సామాజిక భద్రతా కోడ్ ఇప్పుడు సీజనల్ ఫ్యాక్టరీలు తప్ప పది మంది పైన ఉన్న ప్రతి సంస్థనూ ఈఎస్ఐ కిందికి తెస్తానంటోంది. కాబట్టి మీ ఠేకేదారును "నంబరు తీసుకున్నావా" అని ఇప్పుడు అడగడానికి ఆధారం ఉంది.

మిర్చి ఏరడానికి తెలంగాణకు పోతాం, వేసవిలో తునికాకు. మాకేముంది?

బీమాగా ఏమీ లేదు. మస్టరు లేదు, తూకమే. మిర్చి కిలోల్లో, ఆకు కట్టల్లో.

వలస కార్మికులకు 1979 చట్టం ఒక మంచి మాట చెప్పింది: ముకద్దం (కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ) ద్వారా వేరే రాష్ట్రానికి పోయేవాళ్లకు నెల వేతనంలో సగం విస్థాపన భత్యం, రానుపోను ఖర్చు. మన వైపు మిర్చి ముఠాలకు ఎవరైనా ఆ భత్యం ఇచ్చారని మేం వినలేదు. కొత్త కోడ్‌లో విస్థాపన భత్యం లేదు, ప్రయాణ ఖర్చు మిగిలింది. ఐదుగురు ఉంటే వర్తించే చట్టం ఇప్పుడు పది మంది ఉంటేనే. 2020 ఏప్రిల్‌లో ఖమ్మం, వరంగల్ వైపు మిర్చి తోటల నుంచి ఎండలో నడిచి ప్రాణహిత, వార్ధా నదులు దాటి వచ్చినవాళ్లను ఈ జిల్లా చూసింది. వాళ్లలో ఎవరికీ నష్టపోయిన సీజనుకు ఒక్క పైసా బీమా లేదు.

మిగిలింది ఉపాధి హామీ. 2005 చట్టంలో పని అడిగిన పదిహేను రోజుల్లో ఇవ్వకపోతే నిరుద్యోగ భత్యం రాశారు: మొదటి 30 రోజులకు వేతనంలో నాలుగో వంతు, తర్వాత సగం. కానీ పని అడిగినట్టు తేదీ వేసిన పావతి చేతిలో ఉండాలి. పావతి ఇస్తే భత్యం భారం రాష్ట్రం మీద పడుతుంది కాబట్టి పావతి ఇవ్వరు. నోటితో అడిగితే అడగనట్టే. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో 125 రోజుల కొత్త చట్టం చేసింది. వ్యవసాయ పనుల కాలంలో 60 రోజుల దాకా విరామం కూడా అందులో ఉంది. ఏ చట్టం కింద అయినా పని రాసి అడగండి, పావతి తీసుకోండి.

పే స్లిప్‌లో "పీటీ 200" అని కోస్తున్నారు. ఇది బీమానా?

బీమా కాదు, వృత్తి పన్ను. కానీ దాని కథ మన ప్రశ్నకు దగ్గరిది. మహారాష్ట్రలో 1972 కరువు రోజుల్లో ఉపాధి హామీ పథకం మొదలైంది. వి.ఎస్. పాగే దాని రూపకర్త. దానికి డబ్బు కావాలి కదా! 1975లో నెల జీతగాళ్ల మీద వృత్తి పన్ను వేశారు. పట్నంలో పని ఉన్నవాడు పల్లెలో పని లేనివాడికి కొంత కట్టాలన్న ఆలోచన. నెలకు 200, ఫిబ్రవరిలో 300, ఏడాదికి 2,500. పదివేలు దాటిన మగవాళ్లందరికీ ఒకటే, లక్ష వచ్చే ఇంజనీరుకూ అంతే. అదొక్కటే దాని లోపం. ఆలోచన మటుకు గొప్పది. స్థిరంగా ఉన్నవాడి దగ్గర తీసి ఊగిసలాడేవాడికి ఇవ్వడం ఈ నేలకు కొత్తేమీ కాదు.

"అనుబంధ నిరుద్యోగ బీమా" అంటే ఏమిటి? బయటి దేశాల్లో బాగా నడుస్తోందంటారు.

ప్రభుత్వ బీమా ఇచ్చేది చాలనప్పుడు పైన ఇంకొంత కలిపే ఏర్పాటు. కంపెనీ పెట్టొచ్చు, యూనియన్ పెట్టొచ్చు, ప్రైవేటు బీమా అమ్మొచ్చు.

అమెరికాలో 1955లో ఫోర్డ్ కార్ల కంపెనీతో ఆటో కార్మికుల యూనియన్ ఒప్పందం చేసుకుంది. నాయకుడు వాల్టర్ రూథర్. వాళ్లు మొదట అడిగింది ఏడాది పొడవునా జీతానికి హామీ. దొరికింది, కంపెనీ గంటకు ఐదు సెంట్ల చొప్పున కట్టే నిధి. లే-ఆఫ్ అయితే రాష్ట్ర నిరుద్యోగ భత్యం మీద ఈ నిధి కొంత కలుపుతుంది. అప్పట్లో పెద్ద విజయమే. కానీ అందులోకి రావడానికి ఏడాది సర్వీసు కావాలి, సీనియారిటీ ఎక్కువున్నవాళ్లకు ఎక్కువ వారాలు. మొదట బయటికి పోయేది ఎప్పుడూ కొత్తగా చేరినవాడే. నిధిలో తక్కువ దొరికేదీ అతనికే. కార్ల ఫ్యాక్టరీ గేటు బయట, చిన్న పార్టుల షాపుల్లో ఉన్నవాళ్లకు అసలు లేదు.

స్వీడన్ కథ ఇంకా పాఠం నేర్పేది. అక్కడ నిరుద్యోగ నిధులు యూనియన్లతో ముడిపడి ఉంటాయి, చేరడం ఇష్టాన్ని బట్టి. దీని మూలం బెల్జియంలోని ఘెంట్ నగరం. 1901లో యూనియన్లు తమ సభ్యులకు ఇచ్చే భత్యానికి నగరపాలిక తన వంతు కలపడం మొదలుపెట్టింది. అంటే అప్పుడు కింద యూనియన్, పైన సర్కారు. స్వీడన్‌లో వందేళ్లకు అది తిరగబడింది. నిధులు ఇచ్చేది పాత జీతంలో 80 శాతం అన్నారు గానీ దానికో గరిష్ఠ పరిమితి ఉంది. జీతాలు పెరిగాయి, పరిమితి ఏళ్ల తరబడి కదల్లేదు. ఓ మోస్తరు జీతగాడికి కూడా చేతికొచ్చేది 80 శాతానికి చాలా కిందికి పోయింది. అప్పుడు 2000ల తొలి ఏళ్లలో యూనియన్లే తమ సభ్యులకు పైన ఆదాయ బీమా కొనిపెట్టాయి, పరిమితికి, నిజమైన 80 శాతానికి మధ్య ఖాళీని పూడ్చడానికి.

ఎవరికి లాభించింది? జీతం పరిమితికి పైనున్నవాళ్లకు, అంటే ఇంజనీర్లు, ఆఫీసు ఉద్యోగులు. వాళ్లలో పని పోయేవాళ్లు తక్కువ కాబట్టి వాళ్ల యూనియన్‌కు ఆ బీమా చవక. పని తరచూ పోయే రంగాల యూనియన్లకు అదే బీమా ఖరీదు. జీతం పరిమితి లోపే ఉన్న పారిశుధ్య కార్మికురాలికి దాంతో పనే లేదు. తాత్కాలిక ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు షరతులు నిండవు. 2007లో అక్కడి ప్రభుత్వం అసలు నిధుల్లో చందాలు కూడా పెంచింది, నిరుద్యోగం ఎక్కువున్న నిధిలో ఎక్కువ చందా అంటూ. లక్షల మంది నిధుల్లోంచి బయటికి వచ్చేశారు. 2014లో ఆ తేడాను ఎత్తేశారు.

ఇంకో దెబ్బ కూడా ఉంది. బాగా సంపాదించేవాడికి పైబీమా దొరికాక, కింది పరిమితి పెంచమని అడిగే అవసరం అతనికి ఉండదు. గొంతున్నవాళ్ల గొంతు తగ్గుతుంది. మా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, పైకప్పు మీద అంతస్తు వేయడం తప్పు కాదు, కింద పునాది ఉంటే. స్వీడన్‌లో పునాది ఎంతో కొంత ఉంది. చంద్రపూర్‌లో అది జన్మకోసారి తొంభై రోజులు.

మా గేటు దగ్గర భీశీ (చీటీ) నడుపుతాం. దాన్నే నిరుద్యోగ నిధిగా మార్చుకోవచ్చా?

ఒకరికి జబ్బు, ఒకరింట్లో పెళ్లి, ఇలాంటి వాటికి భీశీ చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అవి అందరికీ ఒకేసారి రావు. పని పోవడం అలా రాదు. ప్లాంటు ఆగితే భీశీలో ఉన్న ఇరవై మందికీ ఒకే సాయంత్రం ఆగుతుంది. కట్టేవాళ్లు ఉండరు, తీసుకునేవాళ్లే ఉంటారు. సిర్పూర్ కాగజ్‌నగర్ కాగితం మిల్లు 2014లో ఆగి 2018లో మళ్లీ తిరిగింది. నాలుగేళ్లు ఏ గేటు నిధి నిలుస్తుంది?

అందుకే నిరుద్యోగ బీమా గొడుగు ఒక మిల్లు కంటే, ఒక ఊరి కంటే, ఒక రంగం కంటే వెడల్పుగా ఉండాలి. సిమెంటు ఆగినప్పుడు మందుల ఫ్యాక్టరీ నడుస్తుంటుంది. మహారాష్ట్రలోనే దీనికి నమూనా ఉంది: 1969 మాథాడీ చట్టం. హమాలీలకు ఒక్క యజమాని ఉండడు, రోజుకో దుకాణం. బోర్డు పెట్టి, పని చేయించుకునే ప్రతివాడి దగ్గరా కూలి మీద లెవీ వసూలు చేసి, దాంట్లోంచి పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవు జీతం ఇస్తారు. యజమాని మారినా సర్వీసు తెగదు. ఠేకా కార్మికుడికి కావాల్సింది సరిగ్గా ఇదే.

ఇంటి లోన్ ఇస్తూ బ్యాంకువాళ్లు "జాబ్ లాస్ కవర్" తీసుకోమన్నారు. తీసుకోవాలా?

ఠేకా వాళ్లయితే వద్దు. ఇలాంటి వాటిలో ఎక్కువ పాలసీలు మూడు ఈఎంఐల దాకా కడతాయి, అదీ పర్మినెంటు ఉద్యోగం పోతేనే. కాంట్రాక్టు, ప్రొబేషన్, సొంత పని, రాజీనామా అన్నీ మినహాయింపుల్లో ఉంటాయి. అవసరమున్నవాడికి అమ్మరు, అవసరం తక్కువున్నవాడికి లోన్‌తో కలిపి అంటగడతారు.

ఈ-శ్రమ్ కార్డు, బాంధ్‌కామ్ కార్డు, పీఎఫ్ ఉన్నాయి. ఇవి పనికిరావా?

ఈ-శ్రమ్ 2021 ఆగస్టులో మొదలైంది. అది పేరు నమోదు. పని పోతే అందులో ఏమీ రాదు. నిర్మాణ కార్మికుల బాంధ్‌కామ్ కార్డుకు ఏడాదిలో 90 రోజుల పని చూపించాలి. పిల్లల చదువుకు, కాన్పుకు సాయం అందులో ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో సెస్సు నిధిలోంచి ఖాతాల్లోకి నేరుగా డబ్బు వేశారు. తలచుకుంటే చేయగలరని అప్పుడు తెలిసింది. పీఎఫ్ మీ డబ్బే. ముసలితనం కోసం దాచింది నలభై ఏళ్లకే తినేస్తే దాన్ని బీమా అనకూడదు.

మరి ఏం అడగాలి?

మీటింగుల్లో మేం అడిగేవి ఇవి. 730తో భాగించడం మానేసి పనిచేసిన రోజులతో భాగించాలి. "జన్మకోసారి"ని "మూడేళ్లకోసారి" చేయాలి. పని ఆగిన కారణం ఠేకేదారు ఒక్కడే రాయకుండా కార్మికుడి ఫోనుకు మెసేజ్ వచ్చి ఒప్పుకుంటేనే పడాలి. జిన్నింగును మినహాయింపులోంచి తీసేయాలి. ఠేకా తరచూ మార్చే ప్లాంటు మీద చందా కొంచెం ఎక్కువ వేయాలి, ఎందుకంటే నిరుద్యోగాన్ని తయారు చేసేది అదే. పర్మినెంటు వాళ్ల యూనియన్లు తమ తర్వాతి ఒప్పందంలో పైన ఇంకో మెట్టు అడిగేముందు వీటిలో ఒక్కటైనా జాబితాలో పెడితే సంతోషిస్తాం. పెట్టిన చోట్లు ఉన్నాయి, పెట్టని చోట్లు ఎక్కువ.

ఇదివరకు మంచిర్యాలలో చేసినప్పుడు ఈఎస్ఐ నంబరు ఉండేది. ఇక్కడ ఠేకేదారు కొత్త నంబరు తీశాడు. నష్టమేనా?

నష్టమే, కానీ సరిదిద్దుకోవచ్చు. ఈఎస్ఐ నంబరు పది అంకెలది, దేశమంతా ఒకటే, రాష్ట్రం మారినా మారదు. రెండు నంబర్లుంటే చందా రోజులు రెండు చోట్ల చీలిపోయి రెండేళ్ల షరతు, 78 రోజుల షరతు రెండూ నిండకుండా పోతాయి. పాత కార్డో, పాత పే స్లిప్పో, ఆధార్ తీసుకుని బ్రాంచి ఆఫీసుకు వెళ్లి రెండు నంబర్లూ కలపమని దరఖాస్తు ఇవ్వండి. పని పోయాక కాదు, ఉన్నప్పుడే వెళ్లండి. కొత్త చోట చేరిన మొదటి రోజే పాత నంబరు కాగితం మీద రాసి ఇచ్చి, ఇచ్చినట్టు ఫోటో తీసి పెట్టుకోండి. పేరులో ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా ఉంటే దాన్నీ అప్పుడే సరిచేయించండి. మహారాష్ట్రలో ఇంటిపేరు చివర రాస్తారు, తెలంగాణ కార్డులో ముందుంటుంది. చాలా క్లెయిములు ఆగేది అక్కడే.